ముకుతాడు

శుక్రవారం, పొద్దుగాల ఐదుంబావు, ఎమిరేట్స్ రోడ్డు.
నూటపది దాటినంక
హ్యాండిల్ ఒక్కసారిగ వద్దు వద్దని తలాడించింది.
ఇటు, అటు, ఇటు.
లెక్క పెట్టేంత సేపు లేదు,
నోట్లె చాయ్ రుచి ఇనుము రుచి అయ్యేంత సేపున్నది.
మళ్ళ దానంతటదే సద్దుమణిగింది
ఏమీ ఎరగనట్టు.
పక్కకు ఆపి హెల్మెట్ తీసి ఇసుకల పెట్టిన.
గాలి దాంట్ల దూరి బుస్సుమన్నది.

ఈ బండి అమ్మిన రోడెల్
ఆనాడే ఒక చెప్పుల డబ్బా తెరిచి చూపించిండు.
బంగారు రంగు గొట్టం, జానెడు పొడుగు,
లోపల నూనె, చివర చిన్న మర,
తిప్పితే పద్దెనిమిది టిక్కులు.
"స్టీరింగ్ డ్యాంపర్. ఇంకో మున్నూరు ఇయ్యి."
మున్నూరు దిర్హాములంటే నాకు నెల మెస్సు.
వద్దన్న.
మనీలా విమానం ఎక్కే ముందు రాత్రి వాడే తెచ్చి
"ఊకెనే ఉంచుకో, నాకు సామాను బరువైంది" అన్నడు.
ఇగ పైసలు లేవనే సాకు పోయింది.
నేనే మిగిలిన.

డబ్బా నా మంచం పైన అరలున్నది.
పక్కన రేజరు, ఏసీ గ్యాసు మీటరు,
కంపెనీ క్లినిక్ల నిద్ర కోసమిచ్చిన గోళీల అట్ట.
పదిట్ల రెండు తక్కువ.

అజ్మాన్ సనాయల లింబాద్రి షెడ్డు,
అద్దాలు కోసే దుకాణానికీ పాత టైర్ల గుట్టకూ నడుమ.
మాది ఆర్మూరు అంటే, మాది బాల్కొండ అన్నడు,
అంతకు మించి ఊరి ముచ్చట రాలేదు.
ముందు చక్రం లేపి,
రెండు వేళ్ళతోని హ్యాండిల్ పట్టి,
కండ్లు మూసుకొని మెల్లగ తిప్పిండు.
"ఇగో, నడిమిట్ల ఆగుతుంది. నువ్వు పట్టి చూడు."
పట్టి చూసిన.
బియ్యంల రాయి పంటికి తగిలినట్టు
అరచేతికి తగిలింది.

"మెడ బేరింగుకు గుంటలు పడ్డయి" అన్నడు.
"నీ గొట్టం బిగిస్తే బండి తలాడించది, నిజమే.
ముకుతాడేస్తే కోడె ఎగరది.
మరి కాలుల ముల్లు ఎవడు తియ్యాలె?"
అటెన్క నా పెట్టె తెరిచి చూసిండు:
పానాలు, రాగి పైపులు, వాక్యూం పంపు.
"ఇరవై కిలోలు ఎనకేసుకొని తిరుగుతున్నవా?
ఎనక కుంగితే ముందర తేలుతది.
తేలినదానికి నేల మాట వినబడది."

ఎనభై ఐదు దిర్హాములు. కొత్త బేరింగు, టైరుకు గాలి.
పెట్టెను రూముల దించిన.

మళ్ళొచ్చిన శుక్రవారం
నూటపది వెన్నలెక్క పోయింది.
కానీ మెలీహా దాటినంక, రెండు దిబ్బల సందుల
ట్రక్కు గాలీ శమాల్ గాలీ ఒక్కతీరు కొట్టినయి.
అదే వణుకు, ఈసారి చిన్నది.
పిడికిళ్ళు బిగుసుకున్నయి, వణుకు పెరిగింది.
అప్పుడు తెలిసింది, సగం నాదే.
వేళ్ళు వదులు చేసిన,
కాలే కోడిగుడ్డు ఒలిచేటప్పుడు పట్టుకున్నట్టు.
పోయింది.

అయినా గొట్టాన్ని పారెయ్యలేదు.
నిద్ర పట్టని రాత్రి దాన్ని దించి కడ్డీని నూకుత.
మెల్లగ నూకితే తోవ ఇస్తది,
జోరుగ నూకితే మొండికేస్తది.
పై మంచం మీది ఇమాముద్దీన్ అడిగిండు:
"బిగించుకోరాదు భాయ్? సావు నీకు సరదానా?"
వాడన్నదాంట్ల కూడ తప్పు లేదు.
జాగ్రత్తనూ భయాన్నీ వేరు చేసే టిక్కు
ఆ పద్దెనిమిదిట్ల ఏదో నాకు తెల్వది.

లింబాద్రికి అదే చెప్పిన. నవ్వలేదు.
ఫ్రేముకొకటి, ఫోర్కుకొకటి, క్లాంపులు మాత్రం బిగించిండు.
"గొట్టం నీ తాననే ఉండనియ్యి.
అడిగిన నాడు అయిదు నిమిషాల పని."

ఇప్పుడు తొంభై దాటంగనే
ఖాళీ క్లాంపు సన్నగ ఈల వేస్తది.
వినబడ్డ కాడ కొంచెం తగ్గుత.
కొన్ని శుక్రవారాలు తగ్గను.